పొట్ట ఉబ్బితే కాలేయమేనా?

సంపాదకులకు నమస్కారం.

పొట్ట ఉబ్బి, కాళ్లు వాచిన మనిషిని చూడగానే కాలేయం చెడిందనీ, తాగుడే కారణమనీ తేల్చేయడం మనకు అలవాటు. ఏనాడూ మద్యం ముట్టని మా బంధువు ఒకరు ఆ నిందతోనే ఏడాది గడిపారు. ఆయన అసలు జబ్బు గుండె చుట్టూ ఉండే పెరికార్డియం పొర గట్టిపడి, గుండెను రక్తంతో సరిగా నిండనివ్వకపోవడం. మామూలుగా ఆ పొరలో ఉండే ద్రవం 50 మిల్లీలీటర్లకు మించదు. అది పెరిగి గుండెను నొక్కితే సూదితో తీసేస్తారు, కానీ పొరే బిగుసుకుపోతే చాలామందికి శస్త్రచికిత్సతో దానిని తొలగించాల్సి వస్తుంది. మన దేశంలో దీనికి ప్రధాన కారణం క్షయ. ఈ జబ్బుకు గుర్తుగా మెడ సిరలు ఉబ్బాయేమో చూడటానికి పైసా ఖర్చు లేదు. అనుమానం కలిగితే ఎకో (గుండెకు చేసే అల్ట్రాసౌండ్ పరీక్ష), సీటీ స్కాన్ ఉండనే ఉన్నాయి. క్షయ ప్రకటనల్లో దగ్గుతోపాటు ఈ ముప్పునూ చేర్చాలని ఆరోగ్య శాఖను కోరుతున్నాను.

— ఒక పాఠకుడు, ఖమ్మం