కొమ్ము పురుగు చెట్టు మీద పుట్టదు

సంపాదకులకు నమస్కారం.

పోయిన వారం మీ జిల్లా పేజీలో కొబ్బరి, ఆయిల్ పామ్ తోటల కొమ్ము పురుగు గురించి వార్త వచ్చింది. మందు కొట్టమని చెప్పి ముగించారు. అది ఎక్కడ పుడుతుందో ఒక్క ముక్క రాయలేదు. మనసు ఊరుకోక ఈ ఉత్తరం రాస్తున్నాను.

కొమ్ము పురుగు పుట్టేది పెంటకుప్పలో, కుళ్ళిన తాటి మొద్దులో. తల్లి అక్కడే గుడ్లు పెడుతుంది. పది రోజులు అటూ ఇటూగా తెల్లని పిల్ల పురుగులు బయటికొస్తాయి. పెంట ఎత్తేటప్పుడు లావుగా ముడుచుకొని కనిపించేవి అవే. మూడు నాలుగు నెలలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ కాలం, ఆ కుళ్ళునే తిని పెరుగుతాయి. పచ్చని చెట్టు జోలికి రావు. తర్వాత మూడు నాలుగు వారాలు అక్కడే కదలకుండా ఉండి, రెక్కలొచ్చాకే రాత్రిపూట చెట్టుకు చేరి మొవ్వు, అంటే చెట్టు నడినెత్తిన ఇంకా విచ్చుకోని లేత ఆకు, తొలుస్తాయి. ఆ ఆకు విచ్చుకుంటే కత్తెరతో కోసినట్లు ఉంటుంది. ఆ గాయం గుండానే ఎర్రముక్కు పురుగు కూడా చేరి చెట్టునే చంపుతుంది.

మా ఊరి రోడ్డు వెడల్పు చేసినప్పుడు కొట్టేసిన తాటి మొద్దులు రెండు వానాకాలాలుగా బాట పక్కనే కుళ్ళుతున్నాయి. గొడ్డలితో ఒకదాన్ని చీలిస్తే దోసెడు పిల్ల పురుగులు రాలాయి. మూడుసార్లు అర్జీ ఇచ్చాం. ఒక కార్యాలయం ఇంకో కార్యాలయానికి పొమ్మంటుంది. ఆయిల్ పామ్ వేయమని 2021 తర్వాత ఊరూరా తిరిగి చెప్పినవారు, మొవ్వులు ఎండుతుంటే చూడడానికైనా రావడం లేదు. గీత కార్మికుల తాటి చెట్లు, ఈత చెట్లు కూడా దెబ్బతింటున్నాయి. వాళ్ళ కూడు పోతే ఎవరిది బాధ్యత? పరిహారం మాట ఎత్తితే కాగితాలు అడుగుతారు. ఏ పనికైనా ఇదే వరస అయిపోయింది.

చేయవలసినవి కష్టమైనవి కావు. పెంటకుప్పను తరచు తిరగేసి పిల్ల పురుగుల్ని ఏరాలి. మెటారైజియం అనే బూజును కుప్పలో కలిపితే అది వాటికి పట్టి చంపుతుంది. మొవ్వులో దూరినదాన్ని ఇనుప కొక్కెంతో లాగాలి. వేపపిండి, ఇసుక కలిపి మొవ్వు చుట్టూ ఆకు మొదళ్ళలో వేయాలి. ఆముదం పిండి నీళ్ళలో నానబెట్టి కుండల్లో పెడితే ఆ వాసనకు రెక్కలొచ్చిన పురుగులు వచ్చి పడతాయి. ఆముదం మన నల్లగొండ, పాలమూరు చేలకు కొత్త కాదు. ఇవన్నీ మీ పత్రికలో వివరంగా వేయండి.

మేము మా పెంటకుప్పలు తిరగేసుకుంటాం. తొలకరి లోపల ఆ మొద్దుల్ని మాత్రం తీయించాలి. అర్జీలు పెట్టడం మొదలుపెట్టిన నాటి నుంచి మా పక్క తోటలోనే తొమ్మిది చెట్ల మొవ్వులు ఎండాయి.

ఇట్లు,
ఒక రైతు,
నల్లగొండ జిల్లా