సైకిలు ఒక బండిలో, మనిషి ఇంకో బండిలోనా?

సంపాదకులకు నమస్కారం.

నాది సైకిల్ షాపు. ముప్పయ్యేళ్లుగా వీలు బెండు తీస్తున్నాను. లంక గ్రామాల్లో పెద్దవాళ్లకి శుక్లాల ఆపరేషన్లు చేయించడానికి విరాళాలు పోగుచేద్దామని మొన్న డిసెంబరులో 14 మందిమి ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర బయల్దేరి, బొబ్బర్లంక, రావులపాలెం, రాజోలు మీదుగా అంతర్వేది దాకా సైకిళ్లు తొక్కాం. దారిలో బొండాలు కొట్టిచ్చినవాళ్లు, డబ్బాలో పదో ఇరవయ్యో వేసి దణ్ణం పెట్టిన అమ్మలు ఎందరో. వాళ్ల రుణం తీరేది కాదు. నేను రాస్తున్నది మాత్రం తిరుగు ప్రయాణం గురించి.

మర్నాడు పొద్దున్నే సఖినేటిపల్లి రేవులో పంటు (బల్లకట్టులాంటి పెద్ద పడవ) ఎక్కి వశిష్ఠ గోదావరి పాయ దాటాం. పంటు మీద ఒక్క సైకిలుకీ గీత పడలేదు. చిక్కంతా రైల్వే స్టేషన్లో వచ్చింది. అది ఏ స్టేషనో రాయను, ఎవరి ఉద్యోగం మీదకీ తేవడం నా ఉద్దేశం కాదు. బండికి రెండు గంటల ముందే వెళ్లాం, టిక్కెట్లు చేతిలో ఉన్నాయి. ‘సైకిళ్లు పార్సిల్లో వెయ్యండి’ అన్నారు, వేశాం. బియ్యం కొట్టుకి పరుగెత్తి గోనెసంచులు కొని, పెడళ్లు విప్పి, హ్యాండిలు తిప్పి, పురికొసతో చుట్టాం. తీరా మేం ఎక్కిన బండిలో అవి ఎక్కలేదు. పార్సిలంటే ఏ బండిలో చోటుంటే ఆ బండిలో పంపుతారని అప్పుడు తెలిసింది.

మూడోరోజు తొమ్మిది వచ్చాయి, ఆరోరోజు మిగతా అయిదు. వాటిలో ఒకటి మా జట్టులో పాలుపోసే కుర్రాడిది. వెనకచక్రం మీద ఏదో బరువు పడినట్టుంది, రిమ్ము ఎనిమిది అంకెలా మెలి తిరిగింది, ఏడు పుల్లలు తెగాయి. ఆ చక్రం నేనే మళ్లీ అల్లి ఇచ్చాను. కానీ ఆ ఆరు రోజులూ వాడు క్యాన్లు భుజాన మోసుకుని ఇంటింటికీ నడిచాడు. నలుగురికి చూపు రావాలని సెలవు పెట్టుకుని వచ్చిన పిల్లవాడికి ఈ శిక్షేమిటని నా మనసు ఇప్పటికీ కుదుటపడలేదు.

తర్వాత విచారిస్తే తెలిసింది: టిక్కెట్టు చూపించి ‘లగేజీ’ కింద బుక్ చేయిస్తే సైకిలు మన బండికే ఉన్న బ్రేక్‌వ్యానులో, అంటే సామాన్లు వేసే పెట్టెలో, వస్తుంది. బండికి కనీసం అరగంట ముందు అప్పజెప్పాలి. టిక్కెట్టు మీద ఉచితంగా తెచ్చుకునే సామానులోకి సైకిలు రాదు, దానికి విడిగా కట్టాల్సిందే. ఎంతయినా సంతోషంగా కట్టేవాళ్లం. ‘లగేజీ’ అన్న ఒక్కమాట కిటికీ దగ్గర ఎవరైనా చెప్పి ఉంటే సరిపోయేది.

రెండు నిమిషాలు ఆగే స్టేషన్లో 14 సైకిళ్లు ఎక్కించమంటే అయ్యే పని కాదు, ఒప్పుకుంటాను. కానీ బండి బయల్దేరే స్టేషన్లో ఆ ఇబ్బంది లేదు కదా, అది మామూలుగా ముందే ప్లాట్‌ఫారం మీద ఉంటుంది. ఒకప్పుడు మన పాసింజర్ల కిటికీ ఊచలకి పాలక్యాన్లు తగిలించుకుని ఎంతమంది వెళ్లేవారు! రైలూ సైకిలూ కలిస్తేనే డెల్టాలో బతుకు సాగింది. కాబట్టి రైల్వే అధికారులని కోరేది ఇదీ: బుకింగ్ కిటికీ పక్కన లగేజీకీ పార్సిలుకీ తేడా తెలుగులో రాసి బోర్డు పెట్టించండి. గుంపుగా వచ్చేవాళ్లు ముందే రాసిస్తే బ్రేక్‌వ్యానులో చోటు ఉందో లేదో చెప్పించండి. లేదంటే మరో రోజు చూసుకుంటాం, లారీ అయినా మాట్లాడుకుంటాం.

సంక్రాంతి వెళ్లాక మళ్లీ యాత్ర పెట్టుకున్నాం, ఈసారి 22 మందిమి. బండి నంబరు, తేదీ, సైకిళ్ల లెక్క రాసి పదిహేను రోజుల ముందే స్టేషన్లో ఇస్తాం. ఆ కాగితానికి జవాబు ఇప్పించండి. పాలకుర్రాడు కూడా వస్తానంటున్నాడు.

– ఒక సైకిల్ షాపు మేస్త్రి,
తూర్పు గోదావరి జిల్లా