వార్షిక నివేదిక: సంఘ భవనం వంటగదిలో ఈ ఏడాది జరిగిన పని

గౌరవ అధ్యక్షులకు, కార్యవర్గానికి, వీలు చేసుకుని వచ్చిన సభ్యులందరికీ నమస్కారం.

నెలవారీ సమావేశాలు, గ్రంథాలయం, పిల్లల పోటీలు ఈ ఏడాది కూడా ఎప్పటిలాగే జరిగాయి. వాటి వివరాలు నోటీసు బోర్డులో ఉన్నాయి కాబట్టి మళ్ళీ చదవను. ఈ నివేదికలో ఎక్కువ భాగం వంటగది గురించే. భవనం కట్టినప్పటి నుంచి దాని జోలికి ఎవరూ పోలేదు. గట్టు బీటలు వారింది, సింకు కింద చెక్క నానిపోయింది, గదిలోకి అడుగుపెడితే వాసన. ప్రతి ఏడాదీ "వచ్చే ఏడాది చూద్దాం" అనుకుంటూ వచ్చాం. ఈ ఏడాది ఆ పని పూర్తయిందని చెప్పడానికి చాలా సంతోషంగా ఉంది.

మొదట్లోనే ఉపాధ్యక్షురాలు ఒక మాట అన్నారు: "రంగులు తర్వాత చూద్దాం, ముందు అక్కడ నిలబడి పనిచేసేవాళ్ళని అడగండి." అలాగే అడిగాం. అందరూ చెప్పింది నడుం నొప్పి గురించే. పాత గట్టు బాగా కిందికి ఉండేది. గట్టు మోచేతి కంటే 10 నుంచి 15 సెంటీమీటర్లు కింద ఉంటే వంగకుండా పని చేసుకోవచ్చు. రోజూ పనిచేసే వాళ్ళను గోడ పక్కన నిలబెట్టి, మోచేతి దగ్గర సుద్దముక్కతో గీతలు గీశాం. ఆ గీతలను బట్టి గట్టు 90 సెంటీమీటర్ల ఎత్తుకు ఖాయం చేశాం. పొట్టిగా ఉన్నవాళ్ళ కోసం, తరగడానికి ఒక మూల కాస్త కిందికి పెట్టించాం.

ఇక రాయి సంగతి. శాంపిల్ ముక్కలు తెప్పించి హాల్లో బల్లల మీద పరిచిన ఆదివారం ఈ ఏడాది మొత్తంలో నాకు బాగా గుర్తుండిపోయే రోజు. ఒక్కో ముక్క మీద నిమ్మరసం, నూనె, కాఫీ చుక్కలు వేసి రాత్రంతా వదిలేశాం. తెల్లారి తుడిచి చూస్తే పాలరాయి మీద నిమ్మరసం పడిన చోట మెరుపు పోయి, వేలితో తడిమితే గరుకుగా తగిలింది. పాలరాయిలో ఉండేది కాల్షియం కార్బొనేట్, పులుపు తగిలితే అది కరుగుతుంది. అది మరక కాదు కాబట్టి ఎంత కడిగినా పోదు. పైగా కాఠిన్యం కొలిచే మోస్ స్కేలు మీద పాలరాయిది 3 మాత్రమే, గ్రానైట్‌ది 6 నుంచి 7. కత్తి జారితే గీత పడేది దేనిమీదో వేరే చెప్పనక్కర్లేదు. చూడ్డానికి పాలరాయే అందంగా ఉందని పట్టుబట్టిన సభ్యులు కూడా ఆ ముక్కను చేత్తో తడిమి చూశాక ఒప్పుకున్నారు.

ఫ్యాక్టరీలో తయారయ్యే క్వార్ట్జ్ పలకల మీద చాలాసేపు చర్చ జరిగింది. మరకలు పీల్చదు, రంగు అంతా ఒకేలా ఉంటుంది. కానీ అందులో దాదాపు 90 శాతం రాతిపొడి అయితే మిగతాది రెజిన్, అంటే ఆ పొడిని అంటించి ఉంచే ప్లాస్టిక్ లాంటి జిగురు. సుమారు 150 డిగ్రీలు దాటిన గిన్నెను దించి నేరుగా దానిమీద పెడితే రెజిన్ రంగు మారవచ్చు, పగుళ్ళు కూడా రావచ్చు. ఇంట్లో అయితే జాగ్రత్తగా కింద ఏదో ఒకటి వేసుకుంటాం. వందమందికి వండే హడావుడిలో ఆ జాగ్రత్త ఎవరికి గుర్తుంటుంది? ఇంకో కారణం కూడా ఉంది, అది నా మనసును బాగా కదిలించింది. ఆ పలకలు కోసేటప్పుడు లేచే సిలికా దుమ్ము పీల్చి పనివాళ్ళు సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు బారిన పడుతున్నారు. అందుకే 2024 జులై 1 నుంచి ఆస్ట్రేలియా వాటిని నిషేధించింది. గ్రానైట్ కోసినా సిలికా దుమ్ము వస్తుంది, అయితే క్వార్ట్జ్‌తో పోలిస్తే తక్కువ. మన పని మాత్రం నీళ్ళు పోస్తూ, మాస్కులు పెట్టుకునే కోయాలని షరతు పెట్టాం. మేస్త్రీలు ఆ మాట నిలబెట్టుకున్నారు.

చివరికి పొయ్యి వైపు గ్రానైట్, కడిగే వైపు స్టీలు అని తీర్మానించాం. గ్రానైట్‌లో కూడా నీళ్ళు పీల్చేవి ఉంటాయి. ముక్క మీద నీటి బొట్టు వేసి పది నిమిషాలు ఆగితే, కొన్నిటి మీద బొట్టు కింద రాయి నల్లబడింది. అలా నల్లబడని రాయినే తీసుకున్నాం, దానికి సీలర్, అంటే తడి లోపలికి ఇంకకుండా అడ్డుకునే పూత, కూడా పట్టించాం. పొయ్యి కోసం కోసిన రంధ్రం మూలలు గుండ్రంగా తీయించాం, ఎందుకంటే పదునైన మూల దగ్గరే బీట మొదలవుతుంది. గట్టు అంచు కింద సన్నటి గాడి కూడా పెట్టించాం. కారిన నీళ్ళు వెనక్కి పాకి చెక్కలోకి వెళ్ళకుండా ఆ గాడి దగ్గరే కిందికి పడిపోతాయి. పాత చెక్క నానిపోయింది ఆ గాడి లేకనే.

సింకు కొనడానికి వెళ్ళినప్పుడు మన దగ్గరున్న అతిపెద్ద గిన్నెను వెంట తీసుకెళ్ళాం. దాన్ని సింకులో దించి, వంచి, తిప్పి చూశాకే కొలత రాసుకున్నాం. స్టీలు 304 గ్రేడు, అంటే 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉన్నది. మందం 18 గేజి, సుమారు 1.2 మిల్లీమీటర్లు. గేజి నంబరు పెరిగితే రేకు పలచబడుతుందని చాలామందికి తెలియదు, నాకూ అప్పుడే తెలిసింది. 304 అయితే అయస్కాంతానికి అంటదని పరీక్షించడానికి ఒక సభ్యుడు అయస్కాంతం తెచ్చారు గానీ, నాసిరకం 202 గ్రేడు కూడా అయస్కాంతానికి అంటదు కాబట్టి దాన్ని నమ్ముకోకుండా గ్రేడు బిల్లు మీద రాయించుకున్నాం.

కుళాయిల్లో పాతవి రబ్బరు వాషర్లవి, అరిగి ఎప్పుడూ కారుతుండేవి. ఒక రాత్రి కింద బకెట్ పెడితే తెల్లారేసరికి నిండిపోయింది. ఇప్పుడు ఇత్తడి బాడీ, లోపల సిరామిక్ డిస్కు ఉన్నవి పెట్టాం. పిడిని పావు చుట్టు తిప్పితే చాలు. మెడ ఎత్తుగా వంపు తిరిగి ఉంది కాబట్టి పెద్ద గిన్నె కూడా దాని కింద పెట్టుకోవచ్చు.

ఇన్నేళ్ళ వాసనకు కారణం కూడా దొరికింది. పాత సింకు పైపుకు వంపే లేదు, నేరుగా గోడలోకి పోయింది. వంపులో నిలిచే నీళ్ళే కాలువ వాసనను అడ్డుకుంటాయి. ప్లంబర్ ఆ వంపు బిగించిన రోజు నుంచి వాసన లేదు.

బాధ కలిగించిన సంగతులు కూడా రెండు చెప్పాలి. బయటి మురుగు పైపు మార్చడానికి అనుమతి కోరుతూ మూడుసార్లు ఉత్తరం రాశాం. సంబంధిత అధికారులు వచ్చి చూడనూ లేదు, కాదని చెప్పనూ లేదు. దానివల్ల పని చాలా వారాలు ఆగింది. రెండోది మనవాళ్ళ గురించే. గత సర్వసభ్య సమావేశంలో ఉత్సాహంగా చేతులెత్తి పేర్లిచ్చినవాళ్ళలో సగానికి సగం మంది ఒక్కరోజు కూడా రాలేదు. రాలేమని ముందే చెప్పి ఉంటే వేరేవాళ్ళను అడిగేవాళ్ళం. పాత బండలు మోసిన రోజున అరవై దాటిన ఇద్దరు సభ్యులు మెట్లమీద ఆగి ఆగి మోస్తుంటే చూడలేకపోయాను.

జమాఖర్చులు కోశాధికారి విడిగా చదువుతారు. ఖర్చు అంచనా కంటే కొంచెం పెరిగింది, అది సింకు, కుళాయిల దగ్గరే. కార్యవర్గ ఆమోదం ఉంది, బిల్లులు ఫైల్లో ఉన్నాయి.

ఉపాధ్యక్షురాలికి, కోశాధికారికి, మేస్త్రీకి, ఆయన బృందానికి, ప్లంబర్‌కు, ఎలక్ట్రీషియన్‌కు, పని జరిగిన రోజుల్లో తమ ఇంటి నుంచి అందరికీ భోజనాలు పంపిన కుటుంబాలకు, శాంపిల్ ముక్కలు ఉచితంగా ఇచ్చి తిరిగి అడగని దుకాణదారుకు, బండలు మోసిన ఆ ఇద్దరు పెద్దలకు సంఘం తరఫున కృతజ్ఞతలు.

గట్టు పైన లైట్లు, అల్మారా తలుపులు ఇంకా మిగిలి ఉన్నాయి. ఏడాదికోసారి గట్టు మీద నీటి బొట్టు వేసి చూసి, రాయి నల్లబడితే సీలర్ మళ్ళీ పట్టించాలి. ఆ బాధ్యత తీసుకోవడానికి ఇద్దరు కావాలి. నిజంగా రాగలిగినవాళ్ళు ఈరోజు సమావేశం ముగిసేలోగా నా దగ్గర పేరు రాయించండి.

ఇట్లు,
కార్యదర్శి