క్లచ్ వైరు వేసి ఇచ్చిన అన్నకు కృతజ్ఞతలు

2024 జనవరిలో బేగంపేట విమానాశ్రయంలో వింగ్స్ ఇండియా ప్రదర్శన జరిగినప్పుడు, వైమానిక దళానికి చెందిన సారంగ్ బృందం ధ్రువ్ హెలికాప్టర్లతో చేసే విన్యాసాలు చూడాలని ఉదయాన్నే బైకు మీద బయలుదేరిన నాకు, సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గర క్లచ్ వైరు తెగిపోయింది. బండిని నెట్టుకుంటూ వెళ్తున్న నన్ను చూసి ఆగి, పేరైనా చెప్పకుండా సాయం చేసి వెళ్లిన పెద్దమనిషికి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

అన్నా, మీరు మీ బండి పెట్టెలోంచి కొత్త వైరు తీసి, దాన్ని నిలువుగా పట్టుకుని, పై కొస నుంచి ఆయిలు చుక్క చుక్కగా వదులుతూ, కింది కొసన తడి కనిపించేదాకా ఓపిగ్గా నిలబడ్డారు. లీవరు దగ్గర రెండు మూడు మిల్లీమీటర్ల వదులు ఉంచకపోతే క్లచ్ ప్లేట్లు జారి త్వరగా అరిగిపోతాయని వివరిస్తూ నట్టు బిగించారు. నా సంచిలోంచి తొంగిచూస్తున్న వేణువుకు వేళ్ల రంధ్రాలు ఎనిమిది ఉండటం గమనించి, "కర్ణాటక సంగీతమా తమ్ముడూ?" అని అడిగారు. ఇంజను స్టార్టు చేయించి, దాని చప్పుడు నిలకడగా ఉందో లేదో కళ్లు మూసుకుని విన్నారు. శ్రుతి సరిచూసుకునే విద్వాంసుడిలోనే నేను అంతటి శ్రద్ధ చూశాను.

డబ్బు ఇవ్వబోతే చేయి అడ్డుపెట్టారు. హెలికాప్టర్లు ఎదురెదురుగా దూసుకొచ్చి ఒకదాన్నొకటి దాటిన క్షణాన్ని నేను కళ్లారా చూడగలిగింది మీవల్లనే. మళ్లీ ఎక్కడైనా కలిస్తే, కూర్చోబెట్టి మీకు మోహన రాగం వినిపించాలని ఉంది.