పిన్ని సవరం సంగతి (చదివేసి చింపేయ్)

ఒరే సన్యాసీ,

లేటయిందిరా, ముందు తిట్టుకో, తర్వాత చదువు. సంక్రాంతికే మొదలెట్టి రెండుసార్లు చింపేసేను, ఎందుకో నీకే తెలుస్తాది. ఇంట్లో అందరూ బాగానే ఉన్నారు, నానమ్మకి కంటి ఆపరేషన్ అయిపోయింది, లెక్కల్లో నాకు మామూలే, ముప్పయ్యారు. సిరిమాను జాతరకి వస్తానని మొహం చాటేసేవు కదా, ఆ గొడవ తర్వాత చూసుకుందాం.

ఏటంటే, యానివర్సరీకి కన్యాశుల్కం వేసేం. మొత్తం ఆడితే తెల్లారిపోద్దని తెలుగు మాస్టారు అరగంటకి కోసేసి, మధ్యమధ్యలో సొంతంగా కలిపేరు. నాకేం వేషమో చెప్పుకో చూద్దాం. గిరీశం కాదు. కరటకశాస్త్రి శిష్యుడు! అదే, ఆడపిల్లలా తయారై లుబ్ధావధాన్లుకి పెళ్లికూతురయ్యే గుంటడు. నేను వెయ్యనంటే వెయ్యనన్నాను. "ఈ నాటకం 1892లో మొట్టమొదట ఆడిందే మన విజయనగరంలోరా, మనమే వెనక్కి తగ్గితే ఎలా? ఆడవేషాలు కట్టే స్థానం నరసింహారావు గారికి పద్మశ్రీ ఇచ్చేరు తెలుసా" అన్నారు మాస్టారు. పద్మశ్రీ ఏమోగానీ, అంగలేసి నడుస్తున్నానని రెండు కాళ్లకీ తువ్వాలు వదులుగా కట్టి తొమ్మిది బీ రూమంతా వారం రోజులు నడిపించేరు. కిటికీ దగ్గర ఎవరు నిలబడి నవ్వేవారో నీకు చెప్పక్కర్లేదు. ఆకుపచ్చ గొడుగు!

ఇప్పుడొస్తాది అసలు సంగతి. నాకు జడ కావాలి. డ్రెస్సుల షాపోడు తెచ్చిన విగ్గు చీపురులా ఉంది. మీరు ఊరు మారినప్పుడు మా అటక మీద పెట్టిన ట్రంకుపెట్టెలో పిన్ని సవరం, మూడు జడగంటలు ఉన్నాయని అమ్మకి గుర్తొచ్చింది. ఒక్క పూటకే కదా అంది. నేను కాదురా, అమ్మే అంది!

స్టేజీ ఎక్కేను. మొదటి అయిదు నిమిషాలు బ్రహ్మాండం, ముందు వరస ఆడోళ్లు "ఎవరి పిల్లమ్మా" అనుకోవడం నాకే వినిపించింది, నిజంగా. లుబ్ధావధాన్లు వేసింది ఎవడనుకున్నావు, మన రేడియోగాడే. నేను వొంగి దణ్ణం పెట్టేను చూడు, వాడి శాలువా అంచు జడగంటలకి పట్టేసింది. నేను లేచేను. జడ లేవలేదు. మొత్తం సవరం వాడి భుజం మీద వేలాడుతోంది, నా నెత్తి మీద మిలటరీ క్రాపు! పెళ్లికూతురు మగాడని అవధాన్లుకి అప్పుడే తెలిసిపోతే ఇంక నాటకమేటి? గ్రౌండంతా నిశ్శబ్దం. పరదా వెనకాల మాస్టారు తల పట్టుకున్నారు. రేడియోగాడు ఆ జడ చేత్తో పట్టుకుని అటూ ఇటూ చూసి, తాపీగా, "అయితే పిల్లకి తిరపతి మొక్కు కూడా తీరిపోయిందన్నమాట, ఆ ఖర్చు మిగిలింది నాకు" అన్నాడు.

ఇంకేటుంది, కుర్చీలు కదిలిపోయేయి! లుబ్ధావధాన్లు పిసినారి కదా, సరిగ్గా అతికిపోయింది. చాలామంది అది నాటకంలో ఉందే అనుకున్నారు. అదిగో, అక్కడే నాకు మండింది. వారం రోజులు కాళ్లకి తువ్వాలు కట్టుకున్నది నేను, జడ ఊడింది నాది, ఉత్తమ నటుడు మాత్రం వాడు! స్టీలు డబ్బా ఇచ్చేరులే, అందులో చేగోడీలు పెట్టుకుని రోజూ తెస్తున్నాడు, నాకు రెండు ఇస్తాడు, లెక్కపెట్టి.

ఒకటి చెప్పనా, ఆ క్షణం సైడు కర్టెన్ వైపు చూసేను. నువ్వుంటే అక్కడ నిలబడి పొట్ట పట్టుకుని నవ్వి నవ్వి... సర్లే.

సవరం బాగానే ఉందిరా, కొబ్బరినూనె రాసి దువ్వి పెట్టేను. కానీ జడగంటలు మూడింట్లో రెండే దొరికేయి. స్టేజీ బల్లల కింద దూరి వెతికేను, షామియానా వాళ్లనడిగేను, గంటస్తంభం దగ్గర గాజుల కొట్లో అలాంటిదే ఉందేమోనని చూసేను, రంగు కలవట్లేదు. పిన్నికి ఇప్పుడే చెప్పకు. ఎండాకాలం సెలవులకి మీరొచ్చేలోపు ఎలాగైనా... లేదంటే నువ్వే మెల్లిగా అడుగు, అసలు మూడున్నాయో, రెండేనో ఆవిడకి గుర్తుందో లేదో

అమ్మ వచ్చేస్తోంది, ఈ కాగితం కంటపడితే అయిపోయేను, ఉంటాను