కారు ఏసీ బిల్లులో లేని పద్దు

సంపాదకుల వారికి,

అయ్యా,

కారు ఏసీ మరమ్మతు ఎందుకింత భారమవుతోందని అడిగితే చాలామంది విడిభాగాల ధరలనో, గ్యాస్ ధరనో, మెకానిక్‌ల అత్యాశనో చూపిస్తారు. పద్నాలుగు నెలల్లో రెండు బిల్లులు కట్టి, మూడోది కట్టబోతూ ఆగిపోయి, నాలుగో చోట అసలు లోపం తెలుసుకున్న కారు యజమానిగా నాకు అర్థమైన సంగతి వేరు. నేను కట్టిన బిల్లుల్లో గ్యాస్ ఉంది, ఆయిల్ ఉంది, కండెన్సర్ ఉంది, కూలి ఉంది. గ్యాస్ ఎక్కడి నుంచి పోతున్నదో వెతికినందుకు ఇంత అన్న పద్దు మాత్రం ఒక్కదానిలోనూ లేదు. వాళ్లు అడగలేదు, నేనూ ఇస్తాననలేదు. ఈ ఉత్తరం ఆ పద్దు గురించే.

‘గ్యాస్ అయిపోయింది సార్’ అన్న మాటతోనే చాలా ఏసీ మరమ్మతులు మొదలవుతాయి. పెట్రోలు అయిపోయినంత మామూలుగా వినిపిస్తుంది కనుక మనమూ తల ఊపేస్తాం. నిజానికి ఏసీలోని గ్యాస్ ఖర్చయ్యే సరుకు కాదు. కంప్రెసర్ దాన్ని ఒత్తిపెడితే, రేడియేటర్ ముందుండే కండెన్సర్‌లో వేడిని వదిలి ద్రవంగా మారి, ఎక్స్‌పాన్షన్ వాల్వు సందులోంచి దూరి ఒత్తిడి కోల్పోయి, డ్యాష్‌బోర్డు వెనకున్న కూలింగ్ కాయిల్‌లో మళ్లీ ఆవిరవుతూ లోపలి గాలిలోని వేడిని లాక్కుని, తిరిగి కంప్రెసర్‌కే చేరుతుంది. అన్నివైపులా మూసి ఉన్న దారి అది. రబ్బరు గొట్టాల గుండా, కంప్రెసర్ ఇరుసు దగ్గరి సీలు గుండా ఏడాదికి కొద్ది గ్రాములు ఎలాగూ జారుకుంటాయి కాబట్టి కొన్నేళ్లకోసారి చల్లదనం కాస్త తగ్గితే వింత లేదు. నిండుగా పట్టించిన గ్యాస్ నాలుగు నెలలకే తగ్గిందంటే మాత్రం ఎక్కడో చిల్లు ఉందని అర్థం. ఆ చిల్లు సంగతి చూడకుండా మళ్లీ గ్యాస్ పట్టించడం ఓటి కుండలో నీళ్లు పోయడమే.

నా కారు విషయంలో సరిగ్గా అదే జరిగింది. మొదటిచోట గేజీ ముల్లు చూసి గ్యాస్ కొట్టి పంపారు; ఎన్ని గ్రాములు ఎక్కించారో బిల్లులో లేదు, నేనూ అడగలేదు. నాలుగు నెలలకు మళ్లీ వేడిగాలి మొదలైంది. రెండోచోట యంత్రం పెట్టి, అరగంట సేపు వాక్యూమ్ లాగి (లోపలి గాలినంతా తోడేసి), గేజీ ముల్లు కదలడం లేదు కాబట్టి గాలి చొరబడడం లేదని చూపించి, బానెట్ కింద స్టిక్కరు మీద రాసినట్టు 480 గ్రాములు తూచి ఎక్కించారు. పద్ధతిగానే చేశారు. అయితే లీకేజీ దొరకలేదు కనుక, ముందువైపు రాళ్ల దెబ్బలు తినేది కండెన్సరే కనుక, అనుమానం దాని మీదికి పోయి దాన్ని మార్చేశారు. ఏడు నెలలు గడిచేసరికి కథ మొదటికొచ్చింది. మూడోచోట కంప్రెసర్ మార్చాలన్నారు. వాళ్లు చెప్పిన మొత్తం విని, ఆలోచించుకుని వస్తానని బండి తీసుకుని వచ్చేశాను.

నాలుగో చోట ఉన్న పెద్దాయన బానెట్ ఎత్తి చాలాసేపు ఏదీ ముట్టుకోకుండా చూస్తూ నిలబడ్డారు. తరువాత గ్యాస్ పట్టించే పోర్టుకు ఉండే ప్లాస్టిక్ మూతను రెండు వేళ్లతో తిప్పి తీసి, దాన్ని తలకిందులు చేసి నాకు చూపించారు. మూత లోపల ఉండాల్సిన రబ్బరు వలయం లేదు. సబ్బునీళ్లు కలిపి ఆ పోర్టు గొట్టంలో నాలుగు చుక్కలు వేశారు. మొదట ఏమీ కనబడలేదు. అర నిమిషం తరువాత ఆవగింజంత బుడగ ఒకటి లేచి, నెమ్మదిగా శనగగింజంత అయి, పగిలింది. దాని వెనకే ఇంకొకటి. సైకిల్ ట్యూబులో ఉండే వాల్వు పిన్ను లాంటిదే ఇక్కడా ఒకటి ఉంటుందట. అది సరిగా కూర్చోవడం లేదు. మొత్తం ఏసీలో దానికంటే చవకైన వస్తువు ఉండదేమో.

మరి యంత్రం పెట్టి చూసినవారికి ఎందుకు దొరకలేదని అడిగాను. ఆయన చెప్పిన జవాబు కోసమే ఈ ఉత్తరంలో ఇంత కథ రాస్తున్నాను. పరీక్ష చేసేందుకు యంత్రం గొట్టాన్ని బిగించేది ఆ పోర్టుకే. గొట్టం బిగించగానే దాని కొస ఆ పిన్నును లోపలికి నొక్కి తెరిచి, పోర్టును బయటి నుంచి గట్టిగా మూసేస్తుంది. అంటే పరీక్ష జరుగుతున్నంతసేపూ లీకయ్యే చోటుకు ఆ పరీక్షే బిరడా. పైగా వాక్యూమ్ లాగినప్పుడు గొట్టాల గోడల మీద పడేది బయటి గాలి ఒత్తిడి, సుమారు 1 బార్, అదీ లోపలివైపుకు. ఏసీ నడిచేటప్పుడు కండెన్సర్ వైపు 15 బార్ దాకా ఒత్తిడి బయటివైపుకు తోస్తుంది. 1 బార్‌కు నోరు మెదపని చిల్లు 15 బార్‌కు తెరుచుకోవచ్చు. వాక్యూమ్ అసలు పని లోపలి గాలిని, తేమను లాగేయడం. అంత తక్కువ ఒత్తిడిలో నీరు మామూలు వేడికే ఆవిరై బయటికి పోతుంది. ముల్లు నిలబడింది కాబట్టి లీకేజీ లేదని రాసిచ్చే హక్కు దానికి లేదు. గ్యాస్‌లో రంగు కలిపి నీలికాంతి దీపంతో చూసినా, గ్యాస్ పట్టించేటప్పుడు పోర్టు చుట్టూ ఎలాగూ కొంత రంగు చింది ఉంటుంది కనుక అక్కడి మరకను ఎవరూ లెక్కచేయరు.

ఇలాంటివి వెతకడానికి కావలసింది ముఖ్యంగా సమయం. నైట్రోజన్ నింపి ఒత్తిడి నిలుస్తుందో లేదో గంటలపాటు కాచుకోవాలి, ప్రతి కీలు దగ్గరా సబ్బునురుగు రాసి చూడాలి, ఎలక్ట్రానిక్ డిటెక్టరును గొట్టాల అడుగువైపున అంగుళం అంగుళం జరపాలి, ఎందుకంటే ఈ గ్యాస్ గాలికంటే బరువు కాబట్టి కిందికి దిగుతుంది. కూలింగ్ కాయిల్ మీద అనుమానం ఉంటే బ్లోయర్ ఆపి కాసేపు ఆగి, నీరు బయటికి కారే గొట్టం దగ్గర డిటెక్టరు పెట్టి చూడాలి. కొన్నిసార్లు బండిని ఒక రాత్రి షెడ్డులోనే ఉంచాలి. ఇంతా చేసి చివరికి మార్చేది ఒక ఓరింగ్ (కీలు దగ్గరి రబ్బరు వలయం) అయితే, ఓరింగ్ ధరకు పైన అడిగిన ప్రతి పైసాకూ మనమే గొడవపడతాం. ‘చూసినందుకు డబ్బులా?’ అంటాం. డాక్టరుకు ఫీజు ఇవ్వడానికి అభ్యంతరం లేని మనమే మెకానిక్ దగ్గర మందు ధర మాత్రమే ఇస్తామని భీష్మించుకుంటాం. అప్పుడతను ఏం చేస్తాడు? తన శ్రమను ఏదో ఒక వస్తువు ధరలో కలుపుకోవాలి. అందుకు వస్తువు అమ్మాలి. అందుకు వస్తువు మార్చాలి. నా కండెన్సర్ ఆ లెక్కలోనే మారిందని నా నమ్మకం. ఇందులో దొంగతనం ఉందని నేననను. వెతకడానికి కూలి గిట్టని చోట ఎవరైనా ఊహించే మారుస్తారు.

అన్నీ మార్చాలన్న ప్రతి మెకానిక్కూ మోసగాడని దీనిబట్టి తేల్చేయడం కూడా అన్యాయం. కంప్రెసర్ లోపల అరిగి, బిగుసుకుపోయి చెడిపోతే లోహపు పొడి గ్యాస్‌తో పాటు దారి పొడుగునా పాకుతుంది. ఇప్పటి కార్ల కండెన్సర్‌లలో గొట్టాల రంధ్రాలు ఎంత సన్నగా ఉంటాయంటే ఆ పొడిని కడిగి పూర్తిగా బయటికి తీయడం కుదరదు. అలాంటప్పుడు కండెన్సర్, తేమను పీల్చే డ్రయ్యర్, ఎక్స్‌పాన్షన్ వాల్వు కూడా మార్చమనడం సరైన సలహాయే. ఒక్క కంప్రెసర్ మార్చి ఊరుకుంటే పాత పొడి కొత్తదాన్నీ తినేస్తుంది, వారంటీ కూడా చెల్లదంటారు. కూలింగ్ కాయిల్‌కే చిల్లుపడితే, ఆ వస్తువు ధర కంటే దాన్ని చేరుకునేందుకు డ్యాష్‌బోర్డు మొత్తం విప్పి మళ్లీ బిగించే కూలే ఎక్కువ కావచ్చు. చాలా కార్లలో అది ఒక రోజు పని. ఆ కూలి న్యాయమైనదే. అయితే అంత పని మొదలుపెట్టే ముందు లీకేజీ అక్కడే ఉందని రుజువు చూపించమనడం మరింత న్యాయం.

అసలు గ్యాస్‌తో సంబంధమే లేని లోపాలూ ఉన్నాయి. బండి పరుగెత్తుతున్నప్పుడు చల్లగా ఉండి, ఆగగానే వెచ్చబడితే ముందుగా చూడాల్సింది కండెన్సర్ ఫ్యాను తిరుగుతోందా లేదా అన్నది. గాలి చల్లగానే ఉన్నా జోరు తగ్గితే క్యాబిన్ ఫిల్టర్ దుమ్ముతో మూసుకుపోయిందేమో చూడాలి. కంప్రెసర్‌ను ఇంజిన్‌తో కలిపే క్లచ్ పట్టుకోకపోతే ఫ్యూజో, రిలేనో, ప్రెషర్ స్విచ్చో కారణం కావచ్చు. ఇవేవీ చూడకుండా సిలిండరు బిగించేవారు ఎక్కువ, పైగా అవసరానికి మించి గ్యాస్ ఎక్కిస్తే చల్లదనం పెరగదు, తగ్గుతుంది.

పదేపదే గ్యాస్ పట్టించుకుంటూ నెట్టుకొస్తే నష్టమేమిటి, కొత్త వస్తువు కంటే చవకే కదా అనే వారికి ఒక మాట. కంప్రెసర్‌కు కందెన చేరవేసేది కూడా ఆ గ్యాసే. గ్యాస్ తగ్గినకొద్దీ ఆయిల్ తిరిగి కంప్రెసర్‌కు చేరడం తగ్గుతుంది. లీకయ్యే చోట కొంత ఆయిల్ కూడా బయటికి పోతుంది. చిన్న చిల్లును రెండు మూడేళ్లు భరించినవారు చివరికి నిజంగానే కంప్రెసర్ కొనాల్సి రావచ్చు. చిల్లులు పూడ్చే మందు అంటూ గ్యాస్‌తో కలిపి ఎక్కించే ద్రవాలు ఇంకా ప్రమాదం: అవి వాల్వు సందుల్లో గడ్డకట్టవచ్చు, తరువాత గ్యాస్ తీసే యంత్రాన్నీ పాడుచేయవచ్చు. విద్యుత్ కార్లలో కంప్రెసర్ అధిక వోల్టేజీతో నడుస్తుంది కనుక తప్పు రకం ఆయిల్ కొద్దిగా కలిసినా ఇన్సులేషన్ దెబ్బతింటుంది. అక్కడ ఊహతో చేసే మరమ్మతుకు చోటే లేదు.

జేబు సంగతి అలా ఉంచి, పోయిన గ్యాస్ ఎక్కడికి పోయిందన్న ప్రశ్న కూడా ఉంది. ఓజోన్ పొరకు చిల్లు పెడుతున్నదని 1987 మాంట్రియల్ ఒప్పందం తరువాత పాత ఆర్-12 గ్యాస్‌ను తప్పించి, 1990 దశకంలో కార్లలోకి ఆర్-134ఏ తెచ్చారు. అది ఓజోన్‌ను ముట్టుకోదు కానీ భూమిని వేడెక్కిస్తుంది. అదే ఒప్పందానికి 2016లో చేసిన కిగాలీ సవరణ లెక్కల్లో దాని ప్రభావం కార్బన్ డయాక్సైడ్‌కు 1,430 రెట్లు. నా కారు నుంచి అన్నిసార్లూ కలిపి సుమారు ఒక కిలో గ్యాస్ గాలిలో కలిసి ఉంటుంది. అంటే 1,430 కిలోల కార్బన్ డయాక్సైడ్. 600 లీటర్లకు పైగా పెట్రోలు కాల్చినంత. ఒక వాల్వు పిన్ను సరిగా కూర్చోనందుకు ఇంత. కొత్త కార్లలోకి వస్తున్న ఆర్-1234వైఎఫ్ ప్రభావం ఇందులో వందో వంతు కూడా ఉండదు, కానీ దాని ధర పాత గ్యాస్ కంటే బాగా ఎక్కువ, కాస్త మండే గుణమూ ఉంది. ‘అయిపోయింది, కొట్టేద్దాం’ అనే అలవాటు ఆ కార్ల యజమానులకు ఇంకా ఖరీదవుతుంది.

కాబట్టి మరమ్మతు సంఘాలకు, వినియోగదారుల వ్యవహారాలు చూసే అధికారులకు మీ పత్రిక ద్వారా నా విన్నపం ఒక్కటే: ఏసీ మరమ్మతు బిల్లులో లీకేజీ పరీక్షను విడి పద్దుగా, దాని కూలిని ముందే చెప్పి రాయాలి. దాని కింద పాత గ్యాస్ ఎన్ని గ్రాములు బయటికి వచ్చింది, కొత్తగా ఎన్ని గ్రాములు ఎక్కించారు, ఏ రకం ఆయిల్ ఎంత పోశారు, వాక్యూమ్ ఎంతసేపు లాగారు, లీకేజీ ఏ చోట ఏ పద్ధతిలో కనబడింది అన్న అయిదు వివరాలు ఉంటే చాలు. గ్యాస్ తీసి ఎక్కించే ఆధునిక యంత్రాలు చాలావరకు ఈ గ్రాముల లెక్కను కాగితం మీద తామే ముద్రించి ఇస్తాయి. దాన్ని బిల్లుకు పిన్ను చేయడం పెద్ద శ్రమ కాదు. లీకేజీ దొరకకపోతే ‘దొరకలేదు’ అని రాయాలి. తోటి యజమానులు కూడా ఆ పద్దు కింద అడిగిన కూలిని బేరమాడకుండా ఇవ్వాలి. నేను ఆ పెద్దాయనకు పిన్ను ధర, మూత ధర కాకుండా ఒక పూట కూలి ఇవ్వబోతే, ఆయన మొదట తీసుకోవడానికే మొహమాటపడ్డారు. ఇన్నేళ్లలో అలా ఇచ్చినవారు తక్కువట.

ఆ తరువాత రెండు వేసవులు గడిచాయి. మొన్న మళ్లీ ఆయన దగ్గరే గ్యాస్ బయటికి తీయించి తూకం వేయిస్తే 465 గ్రాములు వచ్చింది. 480కి 15 మాత్రమే తక్కువ. ఊహ మీద మార్చేసిన పాత కండెన్సర్‌ను అప్పట్లో అడిగి ఇంటికి తెచ్చుకున్నాను. దాన్ని కూడా ఆయన దగ్గరే నీళ్లతొట్టిలో ముంచి నైట్రోజన్ పెట్టి పరీక్ష చేయించాను. ఒక్క బుడగ రాలేదు.

భవదీయుడు,
ఒక పాఠకుడు