పాత బీరువా కొనే ముందు

చి. సౌ. సుజాతకి అమ్మ ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ అందరం క్షేమం. నాన్నగారికి మోకాలి నొప్పి కాస్త తగ్గింది. దసరా వెళ్లాక నీ దగ్గర్నుంచి ఫోన్ లేదు. మెసేజ్‌కి బొటనవేలి బొమ్మ పెడితే నాకు కబురు అందినట్టు కాదమ్మా.

మొన్న కాంతం పిన్ని వచ్చింది. నువ్వు పాత టేకు బీరువా కోసం తమిళనాడులో కారైక్కుడి వెళ్తున్నావట, ఒంటి తలుపుది చాలన్నావట. సారెలో పెట్టిన రెండు తలుపుల బీరువా ఉండగా మళ్లీ ఇదెందుకని అడిగింది. అమ్మాయికి పాత సామానంటే ఇష్టం అని చెప్పాను.

కొనేదేదో చూసి కొను. అక్కడ మునీశ్వరన్ కోవెల వీధిలో పాత సామాను కొట్లు చాలా ఉన్నాయి. చెట్టియార్లు బర్మా వ్యాపారం రోజుల్లో అక్కడి టేకు తెప్పించి కట్టుకున్న ఇళ్లలోంచి వచ్చిన సరుకు. అయితే రెండు పాత పలకలకి కొత్త చెక్క కలిపి, పాలిష్ పట్టించి అమ్మేవీ ఉంటాయి. ముందు తలుపులు కాదు, వెనక వైపు చూడు. ప్లైవుడ్ కనిపిస్తే ఎవరో మార్చారన్నమాట. సొరుగు పూర్తిగా లాగి మూలలు చూడు, చేత్తో కోసిన అతుకులు అన్నీ ఒక్కలా ఉండవు. ఇత్తడి పిడికి అయస్కాంతం పెట్టు, అంటుకుంటే ఇనుము మీద పూతే. చిన్న కన్నాలుంటే కింద తాజాగా పిండి రాలుతోందేమో చూడు, రాలుతుంటే పురుగు ఇంకా లోపలే ఉంది. చేవ చెక్కకి చెద అంత తేలిగ్గా పట్టదు, అంచున తెల్లచెక్క ఉంటే మాత్రం వదలదు.

ఒక్కదానివే వెళ్లకు. అల్లుడుగారిని తీసుకెళ్లు. ఆయనకి కుదరకపోతే బాబ్జీని పంపుతాను.

మామ్మ బీరువా సంగతి నీకు తెలీదు. 1996 నవంబర్ తుఫానుకి నువ్వు ఒళ్లో పిల్లవి. ఇంట్లోకి మోకాల్లోతు నీళ్లొచ్చాయి. నీళ్లు తీశాక చూస్తే బీరువా కాళ్లు బురదలో ఉన్నాయి, తలుపులు ఉబ్బి బిగుసుకుపోయాయి. లోపల పట్టుచీరలు, పొలం దస్తావేజులు. అందరికీ టెన్షన్. నాన్నగారు గునపం తెచ్చారు. మామ్మ అడ్డంగా నిలబడింది. ఎండలో పెడితే పలకలు వంగుతాయని కిటికీలు తీయించి నీడనే ఆరనిచ్చింది. రోజూ పొద్దున్నే తలుపు మీద అరచెయ్యి ఆనించి చూసేది, లాగేది కాదు. సంక్రాంతి దగ్గర పడ్డాక తాళం తిప్పితే మెల్లగా వచ్చింది. కింది అరలో చీరలు పాడయ్యాయి, పై అరలో కాగితాలు పొడిగా ఉన్నాయి. వడ్రంగి పుచ్చిన కాళ్ల వరకే కోసి కొత్తవి అతికాడు. ఆ బీరువాలోనే ఇప్పటికీ నా చీరలు.

కోపంలో ఉన్నప్పుడు ఏదీ తేల్చుకోకు సుజీ. బీరువా అనే కాదు, ఏదైనా. ఇద్దరున్న ఇంట్లో మాట పట్టింపులు రావా? రాత్రి పడుకునే ముందు ఒక మాట తగ్గితే ఎవరి సొమ్మూ పోదు. ఇలా చెప్పకూడదనే కూర్చున్నాను, చెయ్యి ఆగలేదు.

గుమ్మం వెడల్పు కొలుచుకుని వెళ్లు. భాగాలుగా విడదీసి మళ్లీ బిగించే బీరువా అయితే మేలు, అద్దె ఇల్లయితే మరీనూ. వేరే ఇల్లు చూస్తున్నావని కూడా పిన్ని అంది. నిజమేనా? ఏదైనా నీ నోటి నుంచే వినాలి. నేను అరవను. నాన్నగారికి ఇంకా చెప్పలేదు.

సున్నుండలు, మాగాయ పంపుతున్నాను. ఇద్దరికీ సరిపడా కట్టాను. వేళకి తిను, ఆదివారం ఫోన్ చెయ్యి.

ఆశీస్సులతో,
అమ్మ